పాలు తాగే పిల్ల ఉందంటే తల్లి ఎక్కడని అడుగు

ప్రశ్న: మేడమ్, మాది సోంపేట దగ్గర ఒక ఊరు. బీఎస్సీ జువాలజీ పూర్తయింది, 22 ఏళ్లు. జీడితోటల వైపు ఎలుగుబంటి వచ్చిందంటే ఊరంతా కర్రలు పట్టుకుంటుంది, నాకు మాత్రం డాబా ఎక్కి దాన్ని చూడాలనిపిస్తుంది. ఈమధ్య ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ప్రకటన చూశాను. దక్షిణాఫ్రికాలో వన్యప్రాణుల శాంక్చురీలో నాలుగు వారాలు వాలంటీర్‌గా ఉండొచ్చట. తల్లి వదిలేసిన సింహం పిల్లలకి సీసాతో పాలు పట్టాలి, వాటితో ఆడాలి, పెద్దయ్యాక అడవిలో వదలడానికి సిద్ధం చేయాలి. ఫీజు 2,40,000 రూపాయలు, ఫ్లైట్ టికెట్ మనదే. విశాఖలో వాళ్ల తరఫు మనిషి ఉన్నాడు. టూరిస్టు వీసా చాలు, ఎయిర్‌పోర్టులో అడిగితే ఊరు చూడ్డానికి వచ్చానని చెప్పమన్నాడు. నెలాఖరులోగా సగం కడితేనే సీటు. నాన్న ఒప్పుకోవట్లేదు. "డబ్బులిచ్చి పనికెళ్లడమేటే?" అంటున్నారు. ఏజెంట్లని నమ్మి విదేశాలకెళ్లి మోసపోయిన కుర్రాళ్లు మా వైపు ఉన్నారు కదా, ఆయన భయం అది. ముందు ముందు వన్యప్రాణుల మీద ఎమ్మెస్సీ చేయాలని ఉంది. ఈ అనుభవం దానికి పనికొస్తుందా? నాన్నని ఎలా ఒప్పించను?
(పేరు వద్దన్నారు, శ్రీకాకుళం జిల్లా)

సమాధానం:

తల్లీ, మీ నాన్నగారిని ఒప్పించే పని మాత్రం నాకు అప్పజెప్పకు. ఈ ఒక్క ప్రోగ్రాం వరకు నేను ఆయన వైపే. అయితే ఆయన వద్దంటున్న కారణం వేరు, నా కారణం వేరు.

ముందు ఆయన మాట చూద్దాం. డబ్బులిచ్చి మరీ పనికెళ్లడం మన పెద్దవాళ్లకి వింతగానే ఉంటుంది. కానీ అంతమాత్రాన అది మోసమైపోదు. వెళ్లిన చోట నీకు మంచం కావాలి, మూడు పూటలా తిండి కావాలి, పని నేర్పడానికి ఒక మనిషి కావాలి. నీకు పని చేతికొచ్చేసరికి తిరుగు ప్రయాణం రోజు వచ్చేస్తుంది. చాలా కేంద్రాల్లో జంతువుల మేతకీ మందులకీ వాలంటీర్ల ఫీజే పెద్ద ఆధారం. థాయ్‌లాండ్‌లో చియాంగ్ మాయ్ దగ్గర లేక్ చైలర్ట్ అనే ఆవిడ నడిపే ఎలిఫెంట్ నేచర్ పార్క్ ఉంది. దుంగలు లాగీ, టూరిస్టుల్ని మోసీ చితికిపోయిన ఏనుగుల్ని తెచ్చి పెట్టుకున్న చోటు. అక్కడా వారం రోజులు పనిచేయాలంటే డబ్బు కట్టాల్సిందే. కడతారు, పేడ ఎత్తుతారు, మేత కోస్తారు, వచ్చేస్తారు. కాబట్టి ఫీజుతో నాకు పేచీ లేదు.

నా పేచీ ఆ పాలసీసాతో.

ఏ నెలలో వచ్చినా పాలు తాగే పిల్లలు ఉంటాయని ఆ మనిషి నీకు హామీ ఇచ్చే ఉంటాడు. ఆ హామీ దగ్గర ఒక్క నిమిషం ఆగు. నేను ముప్పయ్యేళ్లు పశువుల డాక్టరుగా చేశాను. కొట్టంలో ఏడాది పొడవునా పాలు తాగే దూడ ఉండాలంటే ఏం చేయాలో మీ ఊళ్లో పాడి ఉన్న ఎవరిని అడిగినా చెబుతారు. ఆవుల్ని వరసగా కట్టిస్తూ ఉండాలి. సింహాల సంగతీ అంతే. అడవిలో ఎప్పుడో ఒక పిల్ల తల్లిని పోగొట్టుకోవడం నిజమే. కానీ నాలుగు వారాలకొక బ్యాచ్ వాలంటీర్లు దిగినప్పుడల్లా, సరిగ్గా సీసా పట్టే వయసులో, అరడజను పిల్లల్ని వదిలేసే తల్లులు ఏ అడవిలోనూ ఉండవు.

ఆడసింహం పిల్లలకి ఆరేడు నెలలు పాలిస్తుంది, రెండేళ్ల దాకా వెంట తిప్పుకుంటుంది. అందుకే అడవిలో దాని కాన్పులు సుమారు రెండేళ్లకొకటి. పుట్టిన కొద్ది రోజులకే పిల్లల్ని లాగేస్తే కొన్ని వారాల్లోనే మళ్లీ ఎదకొస్తుంది. దక్షిణాఫ్రికాలో ఈ లెక్క మీద ఒక వ్యాపారమే నడుస్తోంది. అక్కడ అడవుల్లో తిరిగే సింహాల కంటే ఫారాల కంచెల వెనక ఉన్నవే ఎక్కువ, వేలల్లో ఉన్నాయి. పిల్లగా ఉన్నప్పుడు పాలు పట్టడానికి వాలంటీర్లు డబ్బిస్తారు, ఎత్తుకుని ఫొటో దిగడానికి టూరిస్టులు ఇస్తారు. కాస్త పెద్దదైతే దాని పక్కన నడవడానికి ఇస్తారు. జూలు వచ్చాక మనుషులతో తిప్పడం ప్రమాదం. అప్పుడు అలాంటి సింహాలు ఎన్నో కంచె వేసిన మైదానాలకి చేరతాయి, అక్కడ వేటగాడు డబ్బు కట్టి కాలుస్తాడు. మనిషిని చూస్తే పాలు గుర్తొచ్చే జంతువు పారిపోదు కూడా. ఆఖరికి ఎముకలు మిగులుతాయి. పులి ఎముకలకి బదులుగా వాటిని ఆగ్నేయాసియాకి పంపేవాళ్లు. 2017లో అక్కడి ప్రభుత్వమే 800 అస్థిపంజరాల ఎగుమతికి కోటా ఇచ్చింది. ఆ కోటాలు చట్టవిరుద్ధంగా ఇచ్చారని 2019లో అక్కడి కోర్టు తప్పుపట్టింది. 2021 మేలో ప్రభుత్వం నిపుణుల కమిటీ నివేదికని ఒప్పుకుని ఈ పెంపకాన్ని ఆపేస్తామని ప్రకటించింది. ప్రకటించినంత తేలిగ్గా ఫారాలు మూతపడవు.

నీకు ప్రకటన వేసిన చోటు కూడా ఇలాంటిదేనని నేను ప్రమాణం చేసి చెప్పలేను, నాకు దాని పేరు కూడా నువ్వు రాయలేదు. కానీ సీసాపాలతో, మనుషుల ఒళ్లో పెరిగిన సింహాన్ని అడవిలో వదలడం కుదరదు. దానికి వేట రాదు, గుంపు లేదు, మనిషంటే భయం లేదు. భయం లేని సింహం ఏ పల్లె పక్కన తిరుగుతుందో ఊహించుకో. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలోకి ఎలుగుబంటి వచ్చినప్పుడు ఏం జరిగిందో నీకు నేను చెప్పక్కర్లేదు, మీ వైపే కదా. మనిషి పోయాడు, కొందరికి గాయాలయ్యాయి, పట్టుకున్నాక ఆ ఎలుగూ చచ్చిపోయింది. కాబట్టి "అడవిలో వదలడానికి సిద్ధం చేయడం" అన్న ఒక్క వాక్యంతోనే ఆ ప్రకటన అబద్ధమాడిందని తేలిపోయింది.

మరి అసలైనది ఎలా ఉంటుందంటావా. విశాఖ జూకి ఎన్నోసార్లు వెళ్లే ఉంటావు, దాని పక్కనున్న రెస్క్యూ సెంటర్ గురించి విన్నావా? సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగులు, కోతులతో సర్కసుల్లో ఆటలాడించకూడదని కేంద్రం 1998లో ఆదేశించింది, 2001లో సుప్రీంకోర్టు సరేనంది. అలా బయటపడ్డ సర్కసు సింహాల్నీ పులుల్నీ పెట్టడానికి దేశంలో కొన్నిచోట్ల కేంద్రాలు కట్టారు, వాటిలో విశాఖది ఒకటి. నేను చూసిన ముసలి సింహం ఒకటి, ఆవరణ ఎంత పెద్దదిచ్చినా ఒక మూలే, పాత బోనంత మేర, అటూ ఇటూ నడిచేది. ఆ కేంద్రాల్లో పిల్లలు పుట్టనివ్వకూడదని నియమం. ఉన్నవి హాయిగా ముసలివై పోవాలి, గదులు ఒక్కొక్కటే ఖాళీ అవ్వాలి. ఖాళీ అవ్వడమే దాని విజయం. నీ ప్రకటనలోని చోటుకి ఖాళీ అయితే దివాలా.

మనకి ఇంకో చిక్కుంది, మాటతో వచ్చింది. మన దేశంలో అభయారణ్యం అంటే 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ప్రభుత్వం ప్రకటించేది. నువ్వూ నేనూ పెరట్లో బోర్డు పెట్టుకుంటే కాదు. అందుకే శాంక్చురీ అన్న మాట వినగానే మనకి ప్రభుత్వ ముద్ర కనిపిస్తుంది. చాలా దేశాల్లో అది ఎవరైనా పెట్టుకోగల పేరు, మన దగ్గర "శ్రీ వేంకటేశ్వర" అని కొట్టుకి పెట్టుకున్నట్టు. థాయ్‌లాండ్ కాంచనబురిలో పులుల గుడి ఒకటి ఉండేది. సన్యాసులు, పులులు, పక్కన విదేశీ వాలంటీర్లు, చూడ్డానికి ఎంత శాంతంగా ఉండేదో. 2016లో అధికారులు లోపలికెళ్తే ఫ్రీజర్లో 40 పులిపిల్లల కళేబరాలు దొరికాయి. 147 పులుల్ని అక్కడి నుంచి తరలించారు. ఆ వాలంటీర్లలో ఎక్కువమంది నీలాంటి పిల్లలే, జంతువుల మీద ప్రేమతో వెళ్లినవాళ్లే.

అందుకని డబ్బు కట్టేముందు ఆ కేంద్రానికి నేరుగా మెయిల్ రాయి, విశాఖ మనిషి ద్వారా వద్దు. ఈ పిల్లల తల్లులు ఎక్కడున్నాయి? పోయినేడు పాలు తాగిన పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నాయి? ఈ రెండో ప్రశ్నకి వచ్చే జవాబు జాగ్రత్తగా చదువు. "వేరే రిజర్వుకి పంపాం" అని ఊరుకుంటే ఆ రిజర్వు పేరడుగు. మీ దగ్గర పిల్లలు పుట్టనిస్తారా, బయటివాళ్లని జంతువుల్ని ముట్టుకోనిస్తారా, జంతువుల్ని కొంటారా అమ్ముతారా అని కూడా అడుగు. మంచి కేంద్రం ఇలాంటి ప్రశ్నలకి సంతోషిస్తుంది, పేజీలకి పేజీలు రాస్తుంది. 2007లో మొదలైన గ్లోబల్ ఫెడరేషన్ ఆఫ్ యానిమల్ శాంక్చురీస్ అని ఒక సంస్థ ఉంది, కేంద్రాలని వెళ్లి చూసి గుర్తింపు ఇస్తుంది. ఆఫ్రికాలో చింపాంజీలు, గొరిల్లాలు, కోతుల కేంద్రాలకైతే పాన్ ఆఫ్రికన్ శాంక్చురీ అలయన్స్ ఉంది. వాటి జాబితాల్లో పేరుందో లేదో చూడటానికి పది నిమిషాలు పట్టదు.

ఇక ఆ మనిషి. "చూడ్డానికి వచ్చానని చెప్పు" అన్నాడే, నాకు సింహం పిల్లల కంటే ముందు అనుమానం తెప్పించిన మాట అదే. జీతం లేకపోయినా చాలా దేశాలు దాన్ని పనికిందే లెక్కేస్తాయి. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. బ్రిటన్ మామూలు విజిటర్ వీసా మీద రిజిస్టరైన ధార్మిక సంస్థలో 30 రోజుల దాకా సేవ చేయనిస్తుంది. ఇంకోచోట అసలు వేరే వీసానే కావాలి. ఆ దేశపు ఎంబసీ వెబ్‌సైట్ చూసి, కేంద్రం నుంచి ఆహ్వాన పత్రం తీసుకుని వెళ్లాలి. ఇమిగ్రేషన్ కౌంటర్లో అబద్ధం చెప్పి దొరికితే తిరుగు ఫ్లైటెక్కేది నువ్వు, అతను కాదు. ఆ మరక తర్వాత పెట్టే ప్రతి వీసా దరఖాస్తులోనూ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. మీ నాన్నగారు ఏజెంటనగానే ఉలిక్కిపడటం ఇందుకే. ఉద్యోగాలకి పంపేవాడైతే ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోవచ్చు. ఇతను ఉద్యోగం ఇవ్వట్లేదు కాబట్టి అది నాకు వర్తించదంటాడు. ఎక్కడికెళ్లినా డబ్బు కేంద్రం పేరు మీదున్న బ్యాంకు ఖాతాకే పంపు, రాకపోతే ఎంత వెనక్కిస్తారో రాతలో తీసుకో. ఎవరి ఫోన్‌పే నంబరుకీ పంపకు.

నేనూ వెళ్లొచ్చానని చెప్పాలి కదా. రిటైరయ్యాక, మా చిన్నబ్బాయి కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు, బోర్నియో దీవిలో ఒక పునరావాస కేంద్రంలో రెండు వారాలున్నాను. డాక్టర్ని కదా, సూదులేయమంటారనుకున్నాను. చీపురిచ్చారు. పొద్దున్న ఏడుకల్లా జంతువులు రాత్రి పడుకునే గదులు కడగడం, తర్వాత బొప్పాయిలు, చిలగడదుంపలు, అరటిపళ్లు తరగడం. మధ్యాహ్నం వెదురు గొట్టాల్లో పళ్లు కూరి, రెండు వైపులా ఆకులు కుక్కి, చెట్ల మీద దాచాలి. జంతువుకి తోచకపోతే పిచ్చెక్కుతుంది, దాని తిండి అది వెతుక్కోవాలి, అందుకన్నమాట. మేం దాచి బయటికొచ్చాక గానీ తలుపు తీసేవాళ్లు కాదు. రెండు వారాల్లో ఒక్క జంతువునీ వేలితో ముట్టుకోలేదు. మొదటి మూడ్రోజులు నిజంగా ఉక్రోషం వచ్చింది, ముప్పయ్యేళ్ల సర్వీసు ఇందుకా అని. నాలుగోరోజు ఒక ఆడ ఎలుగు నేను దాచిన గొట్టాన్ని వెతికి, వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్లతో పట్టుకుని, గంటసేపు దాంతో కుస్తీ పట్టింది. ఆ గంటా నేను కంచె ఇవతల చీపురు పట్టుకుని నిలబడే ఉన్నాను.

పదోరోజు తడి గచ్చు మీద జారి మణికట్టు బెణికింది. ఎక్స్‌రే, కట్టు, మందుల బిల్లు ఇన్సూరెన్సుకి పంపితే ఇవ్వడం కుదరదన్నారు. ట్రావెల్ పాలసీలో శారీరక శ్రమ చేస్తూ తగిలిన దెబ్బలకి వర్తించదని చిన్న అక్షరాల్లో ఉందట. నేను చదవలేదు. నువ్వు చదువు. వాలంటీర్ పని, జంతువుల దగ్గర పని రెండూ వర్తిస్తాయని రాసున్న పాలసీ తీసుకో, రెండు వేలు ఎక్కువైనా సరే.

టీకాల గురించి క్లుప్తంగా. రేబిస్ టీకా ముందే వేయించుకో, ధనుర్వాతం సూది ఎప్పుడు వేశారో చూసుకో. చింపాంజీలు, కోతులున్న చోటైతే నీకు క్షయ లేదని పరీక్ష అడుగుతారు, మన జలుబు వాటి ప్రాణం తీస్తుంది. కెన్యా, ఉగాండా లాంటి దేశాలకెళ్తే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ లేకుండా తిరిగొచ్చినప్పుడు మనవాళ్లే ఎయిర్‌పోర్టు నుంచి క్వారంటైన్‌కి పంపుతారు. వేయించుకున్న పది రోజులకి గానీ అది చెల్లదు. మలేరియా మాత్రల సంగతి డాక్టర్ని అడుగు.

ఎమ్మెస్సీకి పనికొస్తుందా అన్నావు. డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులో ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్) ఉన్నాయి, నీ మనసులో ఉన్నవీ అవే అనుకుంటాను. ఇంటర్వ్యూలో సింహం పిల్లతో ఫొటో చూపించావనుకో, ఎదురుగా కూర్చున్నవాళ్లకి ఆ ఫారాల సంగతి నాకంటే బాగా తెలుసు. నీకు మేలు కంటే కీడే జరుగుతుంది. అదే ఒక నోటు పుస్తకం చూపించావనుకో. ఏ తారీఖున, ఎన్నింటికి, ఎవరి తోటలోకి ఎలుగొచ్చింది, జీడిమామిడి పండిన నెలలో ఎన్నిసార్లు, పనస కాలంలో ఎన్నిసార్లు, పెంటలో జీడిపిక్కలున్నాయా చెదల తలకాయలున్నాయా. (చేత్తో ముట్టుకోకు, పుల్లతో చూడు. ఎలుగున్న తోటలోకి పొద్దెక్కకుండా వెళ్లకు, ఒంటరిగా అసలే వద్దు.) ఒక ఏడాది ఇలా రాస్తే అది దక్షిణాఫ్రికా సర్టిఫికెట్ కంటే బరువుంటుంది. మీ ఊళ్లో తప్ప ఇంకెక్కడా దొరకని సమాచారం అది.

తేలినీలాపురం పక్షుల కేంద్రం మీకు ఎంతో దూరం లేదు. చింతచెట్ల మీద గూళ్లు లెక్కపెట్టు, ఏ గూట్లో ఎన్ని పిల్లలు ఎగిరాయో రాయి. అన్నట్టు, పేపర్లలో ఏటా "సైబీరియా అతిథులు" అని రాస్తారు చూడు. అక్కడికొచ్చే పెలికాన్ దక్షిణాసియా పక్షే, సైబీరియాలో గుడ్లు పెట్టదు. ఎర్రమూతి కొంగా (పెయింటెడ్ స్టార్క్) అంతే. ఇంటర్వ్యూలో ఆ మాట మాత్రం అనకు.

విదేశం వద్దని నేననట్లేదు, వెళ్లు. ఎలుగులంటే నీకు మోజు కాబట్టి మలేసియాలో సెపిలోక్ చూడు. వాంగ్ స్యూ టే అనే శాస్త్రవేత్త 2008లో అక్కడ సన్ బేర్ల కోసం కేంద్రం పెట్టాడు. ప్రపంచంలో అన్నిటికంటే చిన్న ఎలుగు అది, మన ఎలుగుకి ఛాతీ మీద తెల్ల గీత ఉన్నట్టు దానికి పసుప్పచ్చ మచ్చ ఉంటుంది. వాలంటీర్లని తీసుకుంటారు, ఎలుగుని ఎత్తుకోనివ్వరు. అంతకంటే ముందు ఖర్చు తక్కువలో చేతులు అలవాటు కావాలంటే ఆగ్రా, మధుర వైపు వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ ఉంది. ఎలుగుల్ని ఆడించి బతికే కలందర్ల దగ్గర నుంచి వాటిని విడిపించి, వాళ్లకి వేరే బతుకుతెరువు చూపించినవాళ్లు. రోములస్ విటేకర్ 1976లో పెట్టిన మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ చెన్నై పక్కనే. మెయిల్ రాసి, ఖాళీ ఎప్పుడుందో, ఎంతవుతుందో అడుగు.

విశాఖ మనిషికి నెలాఖరు దాకా ఆగకుండా ఈరోజే వద్దని చెప్పెయ్. కారణం అడిగితే పోయినేటి పిల్లలెక్కడున్నాయో చెప్పమను.

ఈలోపు జనవరి వచ్చేస్తుంది. మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికొస్తాయి, అటవీశాఖవాళ్లు ఆ గుడ్లు ఏరి కంచె లోపల పాతిపెడతారు. బారువ మీకు దగ్గరే. రేంజాఫీసుకెళ్లి రాత్రి గస్తీకి నేనూ వస్తానని చెప్పు. ఇసకలో మైళ్లకి మైళ్లు నడక, నిద్ర ఉండదు, చాలా రాత్రులు ఏమీ కనబడదు. మీ నాన్నగారిని వెంటబెట్టుకెళ్లు, ఒక్కదానివే చీకట్లో తీరానికి వెళ్లొద్దు. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకో. తెల్ల వెలుగు పడితే తల్లి గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగిపోతుంది.